లవణజలముల లెక్క

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చదువబడిన ఉపన్యాసము)



గ్రంథాలయ రజతోత్సవమునందు ఉప్పును గూర్చిన ఉపన్యాసమేమని కొందరు లోలోపల నవ్వుకొనవచ్చును. భారతమో భాగవతమో ప్రసంగింపక వంటింటి మూలనున్న ఉప్పుజాడీని సభామధ్యమునకు దెచ్చుట ఏల యని అడుగవచ్చును. అయినను ఉపనిషత్తులే ఉప్పును విడిచిపెట్టలేదు. ఛాందోగ్యము ఆరవ అధ్యాయమున ఉద్దాలకుడు తన కుమారుడైన శ్వేతకేతువును బిలిచి, రాత్రి నీటిలో ఉప్పు వేయించి, మరునాటి ఉదయమున దానిని తిరిగి తెమ్మనును. బాలుడు వెదకి కానలేడు. పైన రుచి చూడుమనిన ఉప్పన, నడుమ చూడుమనిన ఉప్పన, అడుగున చూడుమనినను ఉప్పన. ఉద్దాలకుడు బోధింపదలచినది ఆత్మతత్త్వము గాని ఉప్పు గాదు. కాని పోల్చి చెప్పుటకు ఆయన ఎన్నుకొన్న వస్తువు ఎంత లోతైనదో రసాయనశాస్త్రజ్ఞులకు తెలియుటకు మరి రెండువేల సంవత్సరములకు పైగా పట్టినది.

చరకుడు లవణములను ఐదుగా చెప్పెను: సౌవర్చలము, సైంధవము, విడము, ఔద్భిదము, సాముద్రము. కౌటిల్యుడు అర్థశాస్త్రమున లవణాధ్యక్షుడను ప్రత్యేకాధికారిని నియమించి, రాజునకు రావలసిన భాగమును నిర్ణయించి, శ్రోత్రియులును తపస్వులును కూలివాండ్రును తాము తినుటకు కావలసిన ఉప్పును ఊరకే కొనిపోవచ్చునని వ్రాసెను. ఉప్పుపై పన్ను వేసిన దొరతనములలో ఇంతమాత్రపు కనికరము చూపినవి కొన్నియే. ఆ చరిత్ర వేరొక దినమునకు తగినది. నేటి ప్రసంగము ఉప్పు నీటిలో కరగియున్నప్పుడు, అదియును ఒంటరిగా గాక తన చుట్టములైన పలులవణములతో గూడి, నీరు కొంచెమై ఉప్పు మిక్కుటమై యున్నప్పుడు ఎట్లు ప్రవర్తించునను దానిని గూర్చియే.

సముద్రజలము కేవలము ఉప్పునీరు కాదు. వేయి గ్రాముల సముద్రజలమున సుమారు 35 గ్రాముల లవణములుండును. అందు మనము తిను ఉప్పు, అనగా సోడియము క్లోరైడు, 27 గ్రాములకు పైగా నుండును. మెగ్నీషియము క్లోరైడు, మెగ్నీషియము సల్ఫేటు అను రెండును గలసి ఐదున్నర గ్రాములు. కాల్షియము సల్ఫేటు ఒకటింబావు గ్రాము. పొటాషియము లవణము ఒక గ్రామునకు లోపు. 1872 మొదలు 1876 వరకు భూగోళమును చుట్టివచ్చిన చాలెంజరు అను నౌక వేర్వేరు సముద్రములనుండి తెచ్చిన నీటిని డిట్మారు అను రసాయనజ్ఞుడు పరీక్షించి 1884లో ప్రకటించిన ఫలితము విచిత్రమైనది. 77 నమూనాలలో మొత్తము ఉప్పదనము హెచ్చుతగ్గులుగా నున్నను, ఒక లవణమునకు మరియొక లవణమునకు గల పాలు దాదాపు ఒక్కటియే. బంగాళాఖాతమున గోదావరీ కృష్ణాది నదుల నీరు వచ్చి కలియుటచే వర్షర్తువున ఉప్పదనము తగ్గును. పాళ్ళు మాత్రము ఇంచుమించుగా మారవు.

నౌపడలోను, చినగంజాములోను, ఇస్కపల్లిలోను ఉప్పుమడులు చూచినవారికి తెలియును: సముద్రపు నీటిని ఒక్కమారుగా ఉప్పుమడికి పెట్టరు. మొదట పెద్ద మడులలో నిలువయుంచి, కొంత ఇగిరిన పిమ్మట రెండవ వరుసకు, మరికొంత ఇగిరిన పిమ్మట మూడవ వరుసకు మళ్ళింతురు. రైతు నీటి చిక్కదనమును బోమే డిగ్రీలలో కొలుచును. ఆ కొలమానము లేని కాలమున చేతివ్రేళ్ళ జిగటను బట్టియు, మడి రంగును బట్టియు, అంచున ఏర్పడు మీగడను బట్టియు నిర్ణయించెడివారు. ఈనాటికిని అనుభవజ్ఞులకు ఆ పరికరముతో పని తక్కువ.

ఈ నీటికి ఒక చిట్టా వ్రాసిన మొదటివారిలో నొకడు ఉసీల్యో అను రసాయనజ్ఞుడు. 1849లో మధ్యధరా సముద్రపు నీటిని మెల్లమెల్లగా ఇగిరించి, ఎంత నీరు పోయినప్పుడు ఏ లవణము ఎంత దిగెనో తూచి వరుసగా వ్రాసెను. సుమారు మూడున్నర డిగ్రీలున్న నీరు సగమగునప్పటికి కొద్దిగా సున్నము, ఇనుపతుప్పు దిగును. అయిదవ వంతునకు వచ్చునప్పటికి జిప్సము దిగ మొదలిడును. పదియవ వంతు మిగిలినప్పుడు, అనగా బోమే కొలతలో 25, 26 డిగ్రీలకు వచ్చినప్పుడు, తెల్లని ఉప్పు తొలి పలుకు కనబడును. పది కుండల నీటిలో తొమ్మిది కుండలు ఆకాశమున గలసిపోయిన తరువాత గాని రైతు కంటికి తన పంట కనబడదన్నమాట. తొమ్మిదవ కుండ ఇగురుచుండగా ఒక జడివాన వచ్చినచో ఆ మడి కథ మరల మొదటికి వచ్చును. వరిచేనికి వాన వరమైనట్లు ఉప్పుమడికి అది శాపము.

ఉప్పు దిగుట ఆరంభమైన పిమ్మట రైతునకు అసలు పరీక్ష. 29, 30 డిగ్రీల వరకు నీటిని ఉంచినచో నీటిలోని ఉప్పులో సుమారు నాలుగింట మూడువంతులు చేతికి వచ్చును. మిగిలినది మెగ్నీషియము లవణములతో నిండిన చేదునీరు. లోభించి ఆ నీటినింకను ఇగిరించినచో ఉప్పు బరువు హెచ్చును గాని రుచి చేదగును, ఉప్పు చెమర్చును, ధర పడిపోవును. ముందుగానే పారబోసినచో తన కష్టమును తానే కాలువపాలు చేసికొన్నట్లగును. ఒకటి రెండు డిగ్రీల నడుమ ఒక కుటుంబపు ఏటి బ్రతుకు వ్రేలాడుచుండును. కనుక చిక్కని మిశ్రలవణజలము ఎప్పుడేమి విడిచిపెట్టునను ప్రశ్న పండితుల వినోదము మాత్రమే కాదు.

సామాన్యముగా తోచు ఊహ యిది: ఏ లవణమెంత కరగునో విడివిడిగా తెలిసినచో కలిపినప్పుడు ఏమగునో కూడి చెప్పవచ్చును. నూరు గ్రాముల నీటిలో 25 డిగ్రీల సెంటిగ్రేడు వేడిమియొద్ద సోడియము క్లోరైడు 36 గ్రాములు కరగును. మెగ్నీషియము క్లోరైడు ఇంచుమించు 55. జిప్సము పావు గ్రామునకు కొంచెము పైన. ఈ మూడు అంకెలు చేతనున్నవి గదా, ఇక లెక్కకేమి? కాని ఆవర్జాలో విడివిడిగా సరిపోయిన పద్దులు బేరీజు వేసినచోట సరిపోకుండుట ఇక్కడనే ఆరంభమగును.

జిప్సమును చూడుడు. మంచినీటిలో లీటరునకు రెండున్నర గ్రాముల చిల్లరగా కరగు ఈ రాయి, లీటరునకు సుమారు నూటముప్పది, నూటనలుబది గ్రాముల ఉప్పున్న నీటిలో దాదాపు మూడింతలు కరగును! పరులతో నిండిన ఇంటిలో చోటు తగ్గవలసినది పోయి హెచ్చినది. ఉప్పు ఇంకను హెచ్చినచో మరల తగ్గును. మరియొక వింత. మెగ్నీషియము క్లోరైడును ఉప్పునీటిలో కలుపుకొలది ఉప్పు కరగు శక్తి క్షీణించి, ఉప్పు తానుగా క్రిందికి దిగును. రెండింటికిని ఉమ్మడియైన క్లోరైడు భాగము హెచ్చుటయే దీనికి ముఖ్యకారణము. ఒక లవణము తోడివానికి ఆశ్రయమిచ్చును. మరియొకటి తోడివానిని వెడలగొట్టును.

దీనికి మూలమెరుగుటకు లవణము నీటిలో ఏమగునో తెలియవలెను. స్వీడను దేశీయుడగు అర్హీనియసు 1884లో, పాతికేండ్ల వయస్సున, తన పరిశోధన వ్యాసమును ఉప్సాలా విశ్వవిద్యాలయమున సమర్పించెను. లవణములు నీటిలో విద్యుదావేశముగల తునుకలుగా విడిపోవునను సిద్ధాంతమునకు అదియే బీజము. 1887 నాటికి అది స్పష్టరూపమున వెలువడినది. ఆచార్యులు ఆ వ్యాసమునకు తక్కువ తరగతి మార్కునిచ్చిరి. 1903లో నోబెలు బహుమానము ఆయననే వరించినది. ఆ తునుకలకే అయానులని పేరు. సోడియము క్లోరైడు రెండు అయానులగును. మెగ్నీషియము క్లోరైడు మూడగును. శ్వేతకేతువు వెదకి కానలేని ఉప్పు ఈ రూపమున నీరంతట వ్యాపించియున్నది.

ఇక నీటి సంగతి. నీరు ఆవిరియగుటకు ఒక తమకము కలదు, దానిని బాష్పపీడనమందురు. 1880ల దశాబ్దమున ఫ్రాన్సు దేశమున రావూల్టు అను పండితుడు, ద్రావణమున నీటి అణువులెన్ని, పరాయికణములెన్ని యని లెక్కించినచో బాష్పపీడనమెంత తగ్గునో చెప్పవచ్చునని కనిపెట్టెను. పలుచని ద్రావణములందు ఈ సూత్రము చక్కగా పనిచేయును. చిక్కని ద్రావణమునకు దీనిని పట్టి చూతము. అణువులను ఒక్కొక్కటిగా లెక్కింపజాలరు గనుక రసాయనజ్ఞులు మోలు అను ఒక పెద్ద రాశిని కొలతగా పెట్టుకొనిరి, ధాన్యమునకు పుట్టివంటిదనుకొనవచ్చును. ఒక కిలోగ్రాము నీటిలో యాభైయైదున్నర మోలులున్నవి. అందులో కరగగలిగినంత ఉప్పు కరగించినచో ఆరు మోలులకు కొంచెము పైన చేరును. ఒక్కొక్కటి రెండు అయానులగును గనుక పన్నెండుంబావు పరాయికణపు మోలులు. లెక్క ప్రకారము అట్టి నీటి బాష్పపీడనము మంచినీటి బాష్పపీడనములో నూటికి 82 పాళ్ళుండవలెను. కొలిచి చూచినచో 75 మాత్రమే యున్నది. ఏడు పాళ్ళు తేడా.

మెగ్నీషియము క్లోరైడు చేదునీటిలో ఈ తేడా మిక్కిలి దారుణము. సంతృప్త ద్రావణమున కిలోగ్రాము నీటికి సుమారు ఐదు మోలుల ఎనిమిది పదులవంతుల లవణముండును; మూడేసి అయానుల చొప్పున పదునేడు మోలుల పైచిలుకు. లెక్క 76 పాళ్ళు చెప్పును. కొలత 33 పాళ్ళు చెప్పును! సగమునకు పైగా పద్దు గల్లంతు. ఏ జమాబందీలోనైన ఇంత తేడా వచ్చినచో లెక్క వ్రాసినవానికి నిద్ర పట్టదు. రసాయనజ్ఞులకును పట్టలేదు.

తేడా ఎక్కడికి పోయినది? నీరు ఉన్నది గాని స్వతంత్రముగా లేదు. మెగ్నీషియము అయాను చిన్నది, ఆవేశము రెండింతలు. అది తన చుట్టును ఆరు నీటి అణువులను బిగియబట్టి విడువదు. ఘనరూపమున దిగునప్పుడు సైతము ఆ ఆరింటిని వెంటబెట్టుకొనియే దిగును. ఆ సంతృప్త ద్రావణమున ఒక్కొక్క మెగ్నీషియము క్లోరైడునకు వచ్చు నీరెంత? యాభైయైదున్నరను ఐదుమ్ముప్పాతికకు మించినదానిచే భాగించిన తొమ్మిదిన్నర అణువులు. ఆరు మెగ్నీషియము చేతిలోనున్నవి. మిగిలిన మూడున్నర అణువులే రెండు క్లోరైడులకు పంపకము. ఇక ఆవిరియై పోవుటకు తీరికగా ఉన్న నీరెక్కడిది? మామూలు ఉప్పు సంతృప్త ద్రావణమున సైతము ఒక ఉప్పు జంటకు తొమ్మిది నీటి అణువులే దక్కును. దానిని నీటిలో కరగిన ఉప్పు అనుటకంటె ఉప్పు, నీరు ఒకదానినొకటి పంచుకొన్న ఉమ్మడి కాపురమనుట మేలు.

ఈ కారణముచే, కాగితముపైనున్న పరిమాణము వేరు, పనిలోనికి వచ్చు పరిమాణము వేరు అని ఒప్పుకొనవలసివచ్చినది. అమెరికా దేశీయుడు లూయిసు 1907లో ఈ రెండవదానికి ఒక కొలతను ఏర్పరచెను. తెలుగున దానిని సక్రియత యనవచ్చును. దస్తావేజులో పది యెకరములున్నను సాగులోనున్నది ఏడే యైనచో శిస్తు విషయమున ఏడునే చూచినట్లు, లవణము దిగునా, నీరిగురునా యను ప్రశ్నలకు సక్రియతయే ప్రమాణము.

చిక్కని నీరు మెల్లగా ఇగురుట ఉప్పురైతులకు అనుభవమున తెలిసినదే, కారణమిదియే. గాలిలో తేమ నూటికి 75 పాళ్ళున్న దినమున, ద్రావణము గాలితో సమానమైన వేడిమి గలిగియున్నచో, సంతృప్తమైన ఉప్పునీరు ఒక్క బొట్టయినను ఇగురదు. ఎండకు మడి గాలికంటె వేడెక్కును గనుక పగలు పని సాగును. రాత్రి మడి చల్లబడినప్పుడు చేదునీరు గాలినుండి తేమను త్రాగి బరువెక్కును. పగలు సంపాదించినది రాత్రి కొంత తిరిగి అప్పగించును.

ఇట్టి చేదునీరు ఉప్పురవ్వలను అంటిపెట్టుకొని గోదాములోనికి వచ్చినప్పుడు జరుగు సంగతి గృహిణులకు తెలియనిది గాదు. శుద్ధమైన ఉప్పు, గాలితేమ 75 పాళ్ళు దాటునంతవరకు పొడిగా నుండును. మెగ్నీషియము క్లోరైడు 33 పాళ్ళ తేమకే కరగనారంభించును. మన తీరప్రాంతమున వానకాలమందు గాలితేమ డెబ్బదియైదు దాటుట సామాన్యము. ముప్పదిమూటికి దిగుట గాడ్పులు వీచు వేసవి మధ్యాహ్నములందే. గాలితేమ 72 పాళ్ళున్నప్పుడు ఒక కిలోగ్రాము మెగ్నీషియము క్లోరైడు ఒంటరిగా నున్నను మూడు కిలోగ్రాములకు పైగా నీటిని లాగి పట్టగలదు. ఉప్పుతో గూడియున్నప్పుడు ఇంకను హెచ్చు. క్వింటాలు ఉప్పులో ఒక కిలోగ్రామే మలినమున్నను అంత నీరు బస్తాలోనికి వచ్చినట్లే. ఆ నీరు కొంత ఉప్పును కరగించుకొని బస్తా అడుగునుండి కారిపోవును. ముందు బస్తా బరువు హెచ్చును, పిమ్మట తగ్గును, ఎండలు వచ్చినప్పుడు మరియును తగ్గును.

గోదాము నిల్వలో తరుగు కనబడినప్పుడు ముందుగా గుమాస్తాపై కన్ను పడుట లోకరీతి. ఆషాఢమున తూచి జమకట్టిన బస్తాను మాఘమున తూచి, తేడాను అతని జీతమున కోయుట న్యాయమని తోచును. పైన చెప్పిన అంకెలను బట్టి చూచినచో, తేమయును మలినమును కొలువక తరుగును నిర్ణయించుట అన్యాయము. అయితే ప్రతి తరుగునకును గాలియే దొంగ యని తప్పించుకొనుటయు పొసగదు. మలినమెంత, గాలితేమ యెంత, ఎన్ని దినములు నిల్వ యను మూడు సంగతులు తెలిసినచో న్యాయమైన తరుగు ఎంతమాత్రముండవలెనో హద్దు కట్టవచ్చును. ఆ హద్దునకు మించినది గాలి ఖాతాలో వ్రాయరాదు.

కొటారులలో ఉప్పును వెంటనే బస్తాలకెత్తక పెద్దకుప్పలుగా పోసి కొంతకాలము ఉంచుట పూర్వాచారము. తేమకు చేదుభాగము కరగి జారిపోవును. ఉప్పు కొంత నష్టమైనను మిగిలినది మేలుజాతి యగును. ఈ శాస్త్రమేమియు చదువనివారు శాస్త్రసమ్మతమైన పనినే చేసిరి.

వేడిమి సంగతియు కొంత చెప్పవలసియున్నది. ఉప్పు నీటిలో కరగునప్పుడు స్వల్పముగా చల్లదనము పుట్టును. సురేకారము కరగునప్పుడు చేతికి తెలియునంతగా చల్లబడును. అక్బరు కాలమున సురేకారముతో నీటిని చల్లబరచుచుండిరని అబుల్ ఫజలు అయినీ అక్బరీలో వ్రాసెను. నీరులేని కాల్షియము క్లోరైడు దీనికి విరుద్ధము, నీటిని కాచినట్లు వేడిచేయును. ఐసుముక్కలలో ఉప్పు కలిపి పాలను గడ్డకట్టించువారు లవణజలపు మరియొక గుణమును వాడుకొనుచున్నారు: తగినపాళ్ళలో కలిపినచో ఆ మిశ్రమము సున్నకు దిగువ 21 డిగ్రీలవరకు చల్లబడగలదు. వేడిచేసినచో సంతృప్తమైన ఉప్పునీరు నూరు డిగ్రీలకు గాక నూటయెనిమిదికి పైగా పోయి మరగును. సురేకారము వేడినీటిలో అనేకరెట్లు హెచ్చుగా కరగి, చల్లార్చగానే స్ఫటికములుగా దిగును. ఉప్పు అట్లు గాదు. చన్నీటిలో 36 గ్రాములు కరగినది మరుగునీటిలో 39 మాత్రమే కరగును. కావున ఉప్పును చల్లార్చి తీయు ఉపాయము లేదు. ఇగిరించియే తీయవలెను, సూర్యుని కాళ్ళు పట్టుకొనవలెను.

మిశ్రలవణముల శాస్త్రమునకు పుట్టినిల్లు జర్మనీ దేశమునందలి స్టాస్‌ఫర్టు అను ఊరు. 1850ల దశాబ్దమున అచ్చట రాతియుప్పు కొరకు గనిని త్రవ్వుచుండగా పైపొరలలో చేదులవణములు తగిలినవి. పనికిరానివని తీసి పారవేసిరి. ఆ పారవేసినది పొటాషియము లవణమనియు, పొలములకు బలమైన ఎరువనియు గ్రహించి, 1861లో ఫ్రాంకు అను రసాయనజ్ఞుడు కర్మాగారము పెట్టెను. ప్రపంచమున పొటాషు ఎరువుల పరిశ్రమ ఆ చెత్తకుప్పనుండి మొలకెత్తినదే. ఆ గని అనాదియందు ఎండిపోయిన ఒక సముద్రము. క్రింద జిప్సమువంటి పొర, పైన ఉప్పు, ఆపైన మెగ్నీషియము, పొటాషియము లవణములు. చినగంజాము మడిలో ఒక వేసవిలో జరుగు కథయే అక్కడ యుగముల తరబడి జరిగి రాయిగా నిలిచినది.

ఈ పొరల వరుసను గణితముతో వివరింప పూనుకొన్నవాడు వాంటుహాఫు. 1901లో రసాయనశాస్త్రమున మొట్టమొదటి నోబెలు బహుమానమును పొందినవాడు ఈయనయే. కీర్తి శిఖరమున నుండగా, 1896 ప్రాంతమున బెర్లిను చేరి, మేయర్‌హోఫరను సహచరునితో గూడి పదేండ్లకు పైగా సముద్రలవణములను రెండేసి, మూడేసి, నాలుగేసి చొప్పున కలిపి, ఏయే పాళ్ళలో, ఏయే వేడిమిలో ఏది దిగునో పటములు గీచెను. అంతటి పండితుడు ఉప్పును తూచుచు కూర్చుండుట కొందరకు ఆశ్చర్యము గొలిపియుండవచ్చును. పెద్ద సిద్ధాంతము చెప్పుటకంటె ఇట్టి ఓపికయే కష్టతరము. ప్రకృతిలో కొన్ని లవణములు దిగవలసిన సమయమునకు దిగక ఆలస్యము చేయుననియు, అందుచే ప్రయోగశాలలో త్వరపడి చూచినవాడు మోసపోవుననియు ఆయన గుర్తించెను. 1911లో ఆయన మరణించెను.

పటములు వచ్చినవి గాని సూత్రము రాలేదు. 1923లో డెబై, హ్యూకెలు అను ఇరువురు ఒక గొప్ప సూత్రమును ఇచ్చిరి. ప్రతి ధనాయానుచుట్టును ఋణాయానులు, ప్రతి ఋణాయానుచుట్టును ధనాయానులు ఒక పలుచని పరివారముగా చేరును. ఆ పరివారముచే దాని దూకుడు తగ్గును. ఉప్పునీటిలో జిప్సము హెచ్చుగా కరగుటకు కారణమిందు దొరకినది: కాల్షియమును సల్ఫేటును పరివారము అడ్డగించుటచే అవి కలిసికొని రాయియగుట కష్టమగును. కాని ఈ సూత్రము అయానులు ఒకదానికొకటి దూరముగా నున్న మిక్కిలి పలుచని ద్రావణములకే నిక్కము. ఒక్కొక్క జంటకు తొమ్మిది నీటి అణువులే యున్న చోట పరివారమెక్కడ, రాజెక్కడ? సంతకిక్కిరిసినచోట ఎవరు ఎవరి పరివారమో చెప్పుట అసాధ్యము.

కావున మరల తక్కెడ పట్టవలసి వచ్చినది. ఒక మూసిన పాత్రలో రెండు చిన్నగిన్నెలు, ఒకదానిలో గుణము తెలిసిన లవణజలము, రెండవదానిలో పరీక్షింపవలసిన మిశ్రజలము ఉంచి, గాలి తీసివేసి, వేడిమి మారకుండ దినములు, ఒక్కొక్కప్పుడు వారములు కాపాడుదురు. దప్పికగొన్న గిన్నె రెండవదాని ఆవిరిని త్రాగును. రెండింటి బాష్పపీడనము సమమైనప్పుడు ఇచ్చిపుచ్చుకొనుట ఆగిపోవును. అప్పుడు రెండింటిని తూచినచో మిశ్రజలమున నీటి సక్రియత తేలును. రాబిన్సను, స్టోక్సు అను శాస్త్రజ్ఞులు ఈ పద్ధతిచే సంపాదించిన అంకెలను 1955లో గ్రంథముగా వెలయించిరి. నేటికిని ఈ రంగమునవారికి అది పెద్దబాలశిక్ష. హైదరాబాదున ఉస్మానియా విశ్వవిద్యాలయ రసాయనశాఖలో సైతము చిక్కని మిశ్రలవణజలముల ఉష్ణగతి గుణములపై పరిశోధనలు జరిగినవి.

ఇట్టి అంకెలన్నిటిని ఒక త్రాటికి గ్రుచ్చినవాడు అమెరికాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయమున పనిచేసిన పిట్జరు. 1973లో ప్రకటించిన ఆయన సమీకరణముల సారమిది. దూరముననున్న అయానులకు డెబై హ్యూకెలు సూత్రము. దగ్గరకు వచ్చిన రెండేసి అయానుల తగవునకు ఒక పద్దు. మూడేసి గుమిగూడిన చోటికి మరియొక పద్దు. ఒక్క లవణమే యున్న నీటినుండి మొదటి పద్దులను, రెండు లవణములున్న నీటినుండి మిగిలిన పద్దులను కట్టుకొనవలెను. అంతటితో సరి; నాలుగైనను, ఆరైనను ఎన్ని లవణములు కలిసినను క్రొత్తపద్దు అక్కరలేదు. నలుగురు అన్నదమ్ముల ఉమ్మడి వ్యవహారమును ఇద్దరిద్దరి, ముగ్గురు ముగ్గురి ఒడంబడికలు చూచి చెప్పగలిగినట్లు. 1980లో హార్వీ, వియరు అనువారు ఈ సమీకరణములతో సముద్రజలము ఇగురు క్రమమును ఇరువదియైదు డిగ్రీలయొద్ద లెక్కగట్టి చూపిరి. సముద్రపు ప్రధానలవణములు ఏది ముందు, ఏది వెనుక దిగునో, వాంటుహాఫు పదేండ్లు తూచి గీచిన పటములతో సరిచూచుకొనదగినట్లుగా గణితమునుండియే వచ్చినది. 76, 33ల నడుమ గల్లంతైన పద్దు ఇట్లు ఖాతాకెక్కినది.

నేడు ఈ లెక్క ఎన్నో చోట్ల పని చేయుచున్నది. ఇస్రాయేలు, జోర్డాను దేశముల నడుమనున్న మృతసముద్రమున నూటికి 34 పాళ్ళు లవణములే. అందు దాదాపు సగము మెగ్నీషియము క్లోరైడు. అచ్చటి మడులలో ముందు ఉప్పును దిగనిచ్చి, పిమ్మట దిగు పొటాషియము, మెగ్నీషియము జంటలవణమును సేకరించి, దానిని కొలతగా నీటితో కడిగి మెగ్నీషియమును పోనిచ్చి పొటాషును నిలుపుదురు. దక్షిణ అమెరికాలోని చిలీ దేశమున అటకామా ఎడారి ఉప్పునేలలో, నేలక్రింది ఉప్పునీటిని ఏడాదికి పైగా మడులలో ఎండించి, అన్ని లవణములు దిగిపోయిన పిమ్మట చివరకు మిగులు నీటినుండి లిథియమును తీయుదురు. చేతిసంచార ఫోనులలోని బ్యాటరీలకు అదియే ఆధారము. అచ్చట పారబోయు నీరు ఉప్పే, దాచుకొను నీరు చేదునీరే. మన తీరమున వాడుక దీనికి సరిగా తలక్రిందులు. 1954లో భావనగరమున నెలకొల్పబడిన కేంద్ర ఉప్పు, సముద్ర రసాయన పరిశోధనసంస్థ చేదునీటినుండి పొటాషును, మెగ్నీషియమును తీయు మార్గములపై కృషి చేసినది. చిన్న కమతముల ఉప్పురైతులు మాత్రము దానిని సముద్రమునకే తిరిగి విడుచుట వాడుక. పొటాషు ఎరువును విదేశములనుండి కొనుచున్న దేశమున ఇది ఆలోచింపదగిన విషయము. ఒక్కొక్క మడి నీరు స్వల్పము. పలువురు రైతులు కూడి ఒక చోటికి చేర్చినగాని గిట్టుబాటు కాదు.

గ్రామస్థులకు వెంటనే పనికివచ్చు ఒక సంగతి మిగిలియున్నది. 2006 మే నెలనుండి దేశమంతట మనుష్యులు తిను ఉప్పులో అయొడిను ఉండవలెనని నిబంధన అమలులోనికి వచ్చినది. గలగండము రాకుండుటకును, గర్భస్థశిశువుల బుద్ధి చక్కగా వికసించుటకును అది అవసరము. తేమయు మెగ్నీషియము మలినమునుగల ఉప్పులో ఆ అయొడిను నిలువక తరిగిపోవును. కావున చెమర్చు ఉప్పు చిరాకు మాత్రమే గాదు, నష్టము కూడ. ఉప్పును మంచినీట కడిగినచో ఉప్పే కరగిపోవును. కాని శుద్ధమైన ఉప్పుతో చేసిన సంతృప్తజలముతో కడిగినచో ఆ నీరు ఇంక ఉప్పును గ్రహింపజాలదు. మెగ్నీషియము లవణమునకు మాత్రము అందు ఇంకను చోటు కలదు. పెద్ద ఉప్పు కర్మాగారములలో జరుగు ప్రక్షాళనము ఇదియే. అయొడినును కలుపుట ఈ ప్రక్షాళనము తరువాతనే జరుగవలెను. అయొడిను చేర్చిన ఉప్పును ఇంట కడిగినచో అయొడినును కడిగివేసినట్లగును. ఇంట చేయదగినది ఒక చిన్న పరీక్ష. బజారున కొన్న రెండు రకముల ఉప్పును చెరియొక పింగాణి సాసరులో పలుచగా పరచి, భాద్రపదమున ఒక రాత్రి తెరచిన కిటికీయొద్ద నుంచి, తెల్లవారి చూడవలెను. ముందుగా నీరు గ్రక్కిన సాసరులోని ఉప్పు చేదునీటిని వెంటబెట్టుకొని వచ్చినది.